తిడితే వచ్చే రిపోర్టు

అమలాపురంలో నేను పనిచేసే నీటి పరీక్షల ల్యాబులో ఒక సిద్ధాంతం ఏడాదికి పైగా చలామణిలో ఉండేది. ఓడలరేవు శాఖ నుంచి రావలసిన ఉదయపు రిపోర్టు, అక్కడి టెక్నీషియన్‌ను ఫోనులో తిడితే తప్ప రాదు. సిద్ధాంతకర్త మా యజమాని. ఆధారాలకు కొదవ లేదు. తిట్టకముందు ఫోల్డరు ఖాళీగా ఉండేది. తిట్టిన పావుగంటకు రిపోర్టు అందులో కనబడేది. వారంలో నాలుగు రోజులైనా ఇదే వరస.

నేను రసాయనశాస్త్రం చదివి, ఎవరు ఏం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడగడానికే జీతం తీసుకుంటున్న మనిషిని. పసుపు నీళ్ళు చల్లితే చెరువులో వ్యాధి పోయిందన్న రైతును అడిగాను. గడువు దాటిన రసాయనం ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తుందన్న సరఫరాదారును అడిగాను. ఈ ఒక్క సిద్ధాంతాన్ని మాత్రం అడగకుండా వదిలేశాను. తిట్లు తినేది నేను కాకపోవడం తప్ప అందుకు మరో కారణం ఇప్పటికీ దొరకలేదు.

మా పని ఇది. ఓడలరేవు చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతులు తెల్లవారుతూనే సీసాలలో నీళ్ళు తెచ్చి శాఖలో ఇస్తారు. టెక్నీషియన్ అమ్మోనియా, ఉప్పదనం, క్షారత పరీక్షించి, ఫలితాలను రెండు ఊళ్ళ కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న ఫోల్డరులో ఏడు గంటలలోపు పెడుతుంది. అమలాపురంలో నేను ఆ రిపోర్టు చదివి, ఏ చెరువుకు మేత తగ్గించాలో, దేనికి నీరు మార్చాలో రాసి సంతకం చేస్తే అది రైతు ఫోనుకు చేరుతుంది. ఉదయం మేత చల్లేలోపు చేరితేనే దానికి విలువ.

ఆ ఫోల్డరుకు తాళం ఉంది. మా ప్రాంతపు రైతు తన షుగరు సంగతి బస్టాండులో పరిచయమైన వాడికి కూడా చెబుతాడు కానీ, తన చెరువులో అమ్మోనియా ఎంతో తోడబుట్టినవాడికి కూడా చెప్పడు. చెరువుకు జబ్బు చేసిందన్న మాట కొనుగోలుదారు చెవిన పడితే, అతను గట్టు ఎక్కేలోపే ధర దిగిపోతుంది. అందుకని మా యజమాని, ఆలమూరులో ఉండే తన మేనల్లుడి చేత ఒక ఏర్పాటు చేయించారు. అతను ఇంట్లోనే కూర్చుని కంపెనీలకు ప్రోగ్రాములు రాసే ఇంజినీరు. ఫైలు మా కంప్యూటరు దాటకముందే గుర్తుపట్టలేని అక్షరాలుగా మారి, ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వరుకు వెళుతుంది. ఫైలు పేరు కూడా అంతే. ఆ సర్వరు నడిపేవాళ్ళకు సైతం అందులో ఏముందో తెలియదు. తాళంచెవి ఉన్న మా కంప్యూటర్లలోని ప్రోగ్రాము మాత్రమే ఆ అక్షరాలను విప్పి, మళ్ళీ తెలుగు పేర్లతో జాబితా చూపిస్తుంది. యజమాని దీన్ని "మన లాకరు" అంటారు. అతిథులకు కాఫీతో పాటు దీని గురించి ఒక ఉపన్యాసం కూడా ఇస్తారు.

ఆయనకు ఇంకొక ఏర్పాటు మీద కూడా ఇంతే అభిమానం. ఆఫీసులోని గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందుంటాయి. సిబ్బంది వేళకు రావాలని. గోడ గడియారంతో పాటు కంప్యూటర్లలోని సమయాన్ని కూడా అలాగే జరిపించి, అవి తమంతట తాము సరిచేసుకోకుండా ఆ సదుపాయాన్ని ఆపించారు. ఈ సంగతి తెలియని ఉద్యోగి లేడు. ప్రతి ఒక్కరూ గడియారం చూసి, ఇరవై తీసేసి, ఆ లెక్కన తాపీగా వస్తారు. ఆయన కూడా తీసేస్తారు.

ఇక ఓడలరేవు టెక్నీషియన్. సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టి, డిగ్రీ చదివిన అమ్మాయి. చేరిన కొత్తలో, ఆమెకు చెప్పకుండా ఒకే నీటిని రెండు సీసాలలో పోసి, రెండు పేర్లు అంటించి పంపాను. రెండింటికీ ఒకే అంకె ఇచ్చింది. కింద "ఈ రెండు చెరువులూ ఒకటేమో చూడగలరు" అని కూడా రాసింది. ఆమె అంకెలను ఆ రోజు నుంచి అనుమానించలేదు. వేళ విషయంలో మాత్రం ఆమె అబద్ధమాడుతోందని ఏడాదిపాటు తేలిగ్గా నమ్మాను. అమ్మోనియా దగ్గర నిజాయితీ, గడియారం దగ్గర మోసం ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయన్న ప్రశ్నే నాకు తోచలేదు.

ఆ సంవత్సరం వేసవిలో ఒక ఉదయం యజమాని నన్ను తన గదిలోకి పిలిచారు. అమలాపురం ఆఫీసులో ఆ ఫోల్డరు తెరిచేది ఆయన కంప్యూటరులోనే. తెరమీద అది ఖాళీగా ఉంది.

"మీ కళ్ళతో మీరే చూడండి మేడంగారూ. తర్వాత నేనేదో కల్పించేనంటారు."

చూశాను. మళ్ళీ తాజాగా చూపించే మీట నొక్కాను. ఖాళీ. ఆయన ఫోను తీసి, అందరికీ వినిపించేలా పెట్టారు.

"ఏవమ్మా, లేచేవా?"

"నాలుగింటికే లేచేనండి. రిపోర్టు పెట్టేసేనండి."

"ఎక్కడ పెట్టేవు, చేపల బుట్టలోనా? ఇక్కడ ఫోల్డరు బోసిగా ఉంది."

"ఏడుకి ఐదు నిమిషాలుందనగా పెట్టేనండి. నాకిక్కడ కనపడతందండి."

"నీకు కనపడితే సరిపోద్దా? మేడంగారు నా పక్కనే ఉన్నారు. ఆవిడక్కూడా కనపట్టం లేదు. ఆవిడ కూడా అబద్ధమాడతన్నారా?"

"మళ్ళీ పెడతానండి," అంది.

పది నిమిషాలలో రిపోర్టు వచ్చింది. యజమాని నా వైపు చూసి చేతులు చాపారు, నిరూపణ పూర్తయినట్టు. నేను సలహాలు రాసి పంపేసరికి ఆలస్యమైంది. ఆ రిపోర్టులో ఒక చెరువుకు అమ్మోనియా ఎక్కువగా ఉంది, మేత ఆపాలి. ఆ రైతు అప్పటికే చల్లేశాడు. మరునాడు అతని చెరువులో రొయ్య నీటిపైకి తేలి, గట్టు వారగా కొంత చచ్చిపోయింది. ఒక్క పూట మేతే అందుకు కారణమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు. రైతుకు ఆ సందేహాలేమీ లేవు. ఆఫీసుకు వచ్చి బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"లాకరు లాకరన్నారు కదండీ. లోపలికెళ్ళింది బయటికి రాదాండీ?"

ఆ మాట యజమానికి తగలవలసిన చోట తగిలింది. ఆ అమ్మాయిని నెలాఖరుకు తీసేస్తానన్నారు. పద్ధతి ప్రకారం విచారణ పత్రం కావాలి, చూసిన మనిషిని నేనే కాబట్టి నన్ను రాయమన్నారు. రాశాను. "ఏడు గంటల పది నిమిషాలకు స్వయంగా పరిశీలించగా ఫోల్డరులో రిపోర్టు లేదు" అని రాసి, కింద "ఆఫీసు గడియారం ఇరవై నిమిషాలు ముందున్నందున సమయం సరిచేసి రాయడమైనది" అని కూడా చేర్చాను. శాస్త్రీయమైన జాగ్రత్త. ఇప్పుడు ఆ వాక్యం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి బస్సులో అమలాపురం వచ్చింది. ఏడవలేదు. తన నోటు పుస్తకం తెచ్చింది; రోజూ రిపోర్టు ఎన్నింటికి పెట్టిందో అందులో ఉంది. యజమాని పుస్తకం తెరవలేదు. "రాసుకోడానికేవుందమ్మా, ఎవరైనా రాసుకుంటారు," అన్నారు. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడంగారూ, మీరు చూసింది ఫోల్డరాండీ, ఫోల్డరు గురించి ఈ కంప్యూటరు చెప్పిందాండీ?"

"రెండింటికీ తేడా ఏముంది?"

"సీసా మీద రాసిన పేరు చూసి లోపల నీళ్ళు ఫలానా అని నమ్మెయ్యద్దని నాకు చెప్పింది మీరేనండి. నా వరకూ వచ్చేసరికి చీటీ చూసి సంతకం పెట్టేసేరు."

సమాధానం లేనప్పుడు ప్రయోగం చేయాలని విద్యార్థులకు చెప్పే అలవాటు ఒకప్పుడు నాకుండేది.

నెలాఖరుకు ఇంకా మూడు వారాలుంది. యజమాని దగ్గరికి వెళ్ళి, మీ సిద్ధాంతాన్ని నిరూపిస్తానన్నాను. పడగొడతానంటే ఒప్పుకునేవారు కాదు. నియమాలు చెప్పాను. ఒక స్టీలు డబ్బాలో చీటీలు వేస్తాం; కొన్నింటిలో 'తిట్టాలి', కొన్నింటిలో 'తిట్టకూడదు'. రోజూ ఉదయం ఒకటి తీసి, అందులో ఉన్నట్టే చేయాలి. ఆ అమ్మాయి రిపోర్టును ఒక్కసారే పెడుతుంది. ఎంత తిట్టినా మళ్ళీ పెట్టదు. రైతులకు నష్టం రాకుండా అంకెలు నాకు ఫోనులో విడిగా చెబుతుంది.

"తిట్టకూడదని చీటీ వస్తే ఊరుకోవాలాండీ?"

"ఊరుకోవాలి."

"అలవాటు తప్పిపోద్దేమోనండి."

మొదటి రోజు 'తిట్టాలి' వచ్చింది. ఆయన చీటీని కళ్ళకద్దుకుని, శ్రద్ధగా తిట్టారు. గంట గడిచినా రిపోర్టు కనబడలేదు. "ఇవాళ మనసు పెట్టి తిట్టలేదు లెండి," అన్నారు. రెండో రోజు మళ్ళీ అదే చీటీ, మనసు పెట్టారు, ఫలితం లేదు. మూడో రోజు 'తిట్టకూడదు' వచ్చింది. ఆ రోజు యజమాని ఊళ్ళో లేరు. పలివెల దగ్గర నా బస్సు ఆగిపోయి నేను ఏడుంబావుకు చేరుకుని, ఆ చీటీ తీసి, ఆయన కంప్యూటరు నేనే తెరిచాను. రిపోర్టు ఉంది. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఒక్క రోజు ఫలితం మీద ఆనందపడడం నా వృత్తికి మంచిది కాదు. అయినా ఒక సంగతి పట్టుకుంది. కనబడని రెండు రోజులూ యజమాని ఏడుకు ముందే కంప్యూటరు తెరిచి, రిపోర్టు వచ్చిందా అని చూశారు. కనబడిన రోజున ముందుగా ఎవరూ చూడలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన్ను ఏడుంబావు దాకా కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. చీటీ ఏది వచ్చినా సరే, మూడు రోజులూ రిపోర్టు కనబడింది. ఆ తర్వాతి రోజు ఏడుకు పావుగంట ముందు తెరిచి చూడమన్నాను. కనబడలేదు. అంటే తిట్టుకు ఇందులో పాత్ర లేదు. రిపోర్టు కోసం ముందే ఆత్రపడి చూసినవాడికి అది కనబడదు. ఇది రసాయనశాస్త్రం కన్నా ఉపనిషత్తుకు దగ్గరగా ఉంది, అందుకే నాకు మరింత అనుమానం కలిగింది.

మరునాడు ఇంటి నుంచి నా లాప్‌టాప్ తెచ్చాను. అందులోనూ ఆ తాళంచెవి ఉంది. ఏడుకు పావుగంట ముందు రెండు యంత్రాలనూ ఒకే బల్ల మీద పెట్టి, ఒకే ఫోల్డరు తెరిచాం. రెండూ ఖాళీ. ఏడుకు ఐదు నిమిషాలుందనగా ఆ అమ్మాయి ఫోను చేసి "పెట్టేనండి" అంది. నా తెర మీద రిపోర్టు వచ్చింది. యజమాని తెర మీద రాలేదు. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు.

"మీది కొత్తది కదండీ. ముందే చూపిస్తది."

అయినా గొంతులో పాత ధీమా లేదు. ఆలమూరు మేనల్లుడికి ఫోను చేసింది ఆయనే.

అతను ఆ మధ్యాహ్నమే వచ్చాడు. రెండు యంత్రాలనూ చూసి, ప్రోగ్రాము తెరిచి అరగంట చదివి, తల గోక్కున్నాడు.

"తప్పు నాదేనండి మేడంగారూ. అంటే, సగం నాది."

"మిగతా సగం?"

అతను మేనమామ వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూశాడు.

విషయం ఇది. పేర్లను విప్పి చదవడానికి సమయం పడుతుంది. జాబితా నెమ్మదిగా వస్తోందని యజమాని విసుక్కుంటే, అతను ఒక ఉపాయం చేశాడు. ప్రోగ్రాము ఒకసారి చదివిన జాబితాను గుర్తుపెట్టుకుని, మళ్ళీ అడిగితే ఆ జ్ఞాపకమే చూపిస్తుంది. ఫోల్డరు మారితే మాత్రం కొత్తగా చదువుతుంది.

"మారిందని దానికెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"ఆఖరున ఎప్పుడు మారిందని సర్వరునడుగుద్దండి. ఆరూ యాభై ఐదుకని సర్వరు చెప్తది. మన ప్రోగ్రామేమో, నేను ఏడూ ఐదుకి చదివేను కదా, ఆరూ యాభై ఐదుకి మారిందంటే అది కూడా నా జాబితాలో ఉండే ఉంటది, మళ్ళీ చదవడం దేనికీ అనుకుంటదండి."

"కానీ అది చదివింది ఆరూ నలభై ఐదుకి కదా?"

"అసలు టైమండి అది. దీని గడియారంలో ఏడూ ఐదు. మీ లాప్‌టాప్ గడియారం సరిగ్గా ఉంది కాబట్టి అందులో కనపడిందండి."

ఆ ఆఫీసులో అటెండరు నుంచి యజమాని వరకు ప్రతి ఒక్కరూ ఇరవై తీసేసి బతుకుతున్నాం. ఆ గడియారాన్ని మనస్ఫూర్తిగా నమ్మింది ఒక్క ప్రోగ్రాము మాత్రమే. విచారణ పత్రంలో సమయం సరిచేసి రాసిన నేను, యంత్రం కూడా నాలాగే మనసులో తీసివేత చేసుకుంటుందని ఎందుకు అనుకున్నానో తెలియదు. అసలు అనుకోనే లేదు.

తిట్టు మహిమ గుట్టు కూడా వీడింది. తిట్లు తిన్న అమ్మాయి రిపోర్టును మళ్ళీ పెట్టేది. అప్పటికి అసలు సమయం కూడా ఏడూ ఐదు దాటేది. ఫోల్డరు తాను చదివిన తర్వాత మారిందని ప్రోగ్రాము ఒప్పుకుని, కొత్తగా చదివి చూపించేది. తాజాగా చూపించే మీట ఎన్నిసార్లు నొక్కినా జవాబిచ్చేది ఆ పాత జ్ఞాపకమే. కంప్యూటరును ఒక్కసారి ఆపి మళ్ళీ వేసి ఉంటే కనబడేది. కానీ చేతిలో ఫోను ఉన్న మనిషికి కంప్యూటరు ఆపాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది?

"అయితే గడియారం సరిచేస్తే సరిపోద్దండి మావయ్యగారూ," అన్నాడు మేనల్లుడు.

"గడియారం జోలికి రాకు. అది నా పద్ధతి. నీ ప్రోగ్రాము బాగు చేసుకో."

"మీరే కదండీ తొందరగా కనపడాలన్నారు!"

"తొందరగా అన్నాను గానీ, నిన్నటిది చూపించమన్నానేంట్రా?"

న్యాయంగా చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో యజమానిదే ఒప్పు. గడియారం తప్పుగా ఉన్నా ప్రోగ్రాము సరిగా పనిచేయాలి. మేనల్లుడు కొన్ని పంక్తులు మార్చాడు. ఇకమీదట ప్రోగ్రాము తన గడియారాన్ని చూడదు. ఫోల్డరు మారిన సమయంగా సర్వరు ఏం చెప్పిందో దాన్నే రాసిపెట్టుకుంటుంది. మళ్ళీ అడిగినప్పుడు సర్వరు అదే చెబితే పాత జాబితా; ముందుదైనా వెనకదైనా తేడా ఉందంటే కొత్తగా చదవడం.

"ఒకే సెకనులో రెండుసార్లు మారితే?" అన్నాను. "మొదటి మార్పు చదివాక రెండోది వస్తే, సర్వరు చెప్పే సమయం మారదు కదా?"

అతను నన్ను చూసిన చూపులో గౌరవం ఎంతో, విసుగు ఎంతో విడదీయలేను. మళ్ళీ కూర్చున్నాడు. మార్పు మరీ తాజాగా జరిగి ఉంటే జ్ఞాపకాన్ని నమ్మకుండా మళ్ళీ చదవాలని ఇంకో పంక్తి చేర్చాడు. ఎంత తాజా అన్నది కూడా సర్వరు గడియారంతోనే కొలవాలని నేను పట్టుబట్టాను.

వారం రోజులు పరీక్షించాం. ఫైలు పెట్టించాను, పేరు మార్పించాను, తీసేయించాను, వెంటవెంటనే రెండు పెట్టించాను. యజమానిని ఏడుకు ముందు ఎంత ఆత్రంగా కావాలంటే అంత ఆత్రంగా చూడమన్నాను. ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టు కనబడింది. చివరి రోజున ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తన తీర్పు చెప్పారు.

"చూసేరా మేడంగారూ, అప్పట్లో నేనలా తిట్టబట్టే కదండీ లోపం బయటపడింది."

ఆ అమ్మాయిని తీసేయడం లేదని నాతోనే కబురు పంపారు. నేను ఫోనులో చెప్పాను. ఆమె సంతోషించలేదు.

"మీరు రాసిన కాయితం ఫైల్లో ఉందా అండీ?"

"ఉంది."

"అదుంటే రేపు ఇంకో పేచీ వచ్చినప్పుడు అదే తీస్తారండి. పక్కూరు ల్యాబువాళ్ళు రమ్మంటున్నారు. ఒకటో తారీకున చేరతానని చెప్పేసేనండి. మీరు కాయితం మారిస్తే ఆలోచిస్తాను."

యజమాని దగ్గర ఈ మాట ఎత్తితే, "తీసెయ్యట్లేదన్నాక ఇంకా కాయితం ఎందుకండీ," అన్నారు. ఆ పత్రం కింద ఆయన సంతకం లేదు, నాది ఉంది. కాబట్టి ఆయన అనుమతి అవసరం లేదనుకున్నాను. కొత్త పత్రం రాసి, రెండు ప్రతులు తీసి, ఓడలరేవు బస్సెక్కాను.

శాఖ అంటే ఒక గది, ఒక సింకు, బల్ల మీద వరసగా సీసాలు. ఆమె ఆప్రాను వేసుకోలేదు. బయట గట్ల నుంచి వచ్చిన ఇద్దరు రైతులు నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె ముందు నా పత్రం చదివింది. రిపోర్టు ఆరూ యాభై ఐదుకే ఫోల్డరులో ఉందని, ప్రోగ్రాము లోపం వల్ల అమలాపురం తెర మీద కనబడలేదని, పాత పత్రంలో "లేదు" అని రాయడం తప్పని అందులో ఉంది. వాక్యాలు బాగానే కుదిరాయని అనుకున్నాను.

"ఇందులో తప్పంతా ప్రోగ్రాముదేనాండీ?" అంది.

"కాదంటావా?"

"ప్రోగ్రాము సంతకం పెట్టదు కదండీ."

రైతులలో ఒకాయన, "ఏంటండీ, పరీక్షేనాండీ?" అని అడిగాడు. "ఆయ్, పరీక్షేనండి. మేడంగారికి," అందామె. ఆయన గౌరవంగా సీసా కింద పెట్టి పక్కకు జరిగాడు.

కలం తీశాను. ఏం రాయాలో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. "ఓడలరేవు కంప్యూటరులో రిపోర్టు కనబడుతోందని టెక్నీషియన్ చెప్పినప్పటికీ, ఆ మాటను పరీక్షించకుండానే నేను సంతకం చేశాను" అని రెండు ప్రతులలోనూ చివర చేర్చి, దాని కింద మళ్ళీ సంతకం పెట్టాను. ఆమె ఒక ప్రతిని తన నోటు పుస్తకంలో పెట్టుకుంది. రెండో ప్రతి నాకిచ్చి, పక్కూరు ల్యాబుకు ఫోను చేసి, రావడం లేదని రెండు ముక్కల్లో చెప్పింది. ఆ తర్వాత మేకుకు తగిలించి ఉన్న ఆప్రాను తీసుకుని, రెండో రైతు చేతిలో సీసా అందుకుంది.

"ఏ చెరువుదండీ ఇది?"

"మూత మీద రాసేనమ్మా."

"రాసేరండి. మీ నోటితో కూడా చెప్పండి."